వాకిట్లో పీట

మా పెద్దబాపు, నాన్నకు అన్న, శుక్రవారం పొద్దున పోయాడు. ఘనపూర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను భూపాలపల్లిలో పాఠాలు చెప్పే బడికి తయారవుతున్నాను. ఎదురుచూస్తున్న కబురే అయినా, చేతిలో దువ్వెనతో అలాగే నిలబడిపోయాను.

ఆయన కామెర్లకు పసరు ఇచ్చేవాడు. ఆదివారాలు కొత్తగూడ అడవి పల్లెల నుంచి కూడా జనం పరగడుపున వచ్చేవారు. వాకిట్లో పీట వేసి, మనిషిని ఎండకు ఎదురుగా కూర్చోబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేవాడు. "మూడు వారాలు ఉప్పు, నూనె బంద్. తక్కువైతే మళ్ల రాకుండ్రి" అనేవాడు. రాకపోతే నయమైనట్టే లెక్క. నేను ఎప్పుడు పోయినా ముందు నా రెప్ప లాగి, "మంచిగున్నవ్ బిడ్డా" అన్నాకే కూర్చోనిచ్చేవాడు.

నిరుడు ఆయన కళ్ళే పచ్చబడ్డాయి. తన పసరు తనే తాగాడు. ఒళ్ళంతా దురద, తిండి సయించలేదు. అయినా ఆరు వారాలు ఆగాడు. నేనూ ఆగనిచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

హనుమకొండలో మామూలు స్కానింగ్ చేస్తే పైత్యరసం పారే నాళం ఉబ్బిందని తెలిసింది, ఎందుకో తేలలేదు. అప్పుడు నోటి గుండా సన్నటి గొట్టం పంపారు. దాని కొసన కెమెరా, స్కానింగ్ రెండూ ఉంటాయట. కడుపు లోపలి నుంచే పక్కనున్న క్లోమాన్ని దగ్గరగా చూశారు. గడ్డ ఒకటి నాళాన్ని నొక్కుతోంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేసే వేళ దాటిపోయిందన్నారు డాక్టరమ్మ.

గొట్టంతో లోపల తీసిన గడ్డ ఫొటోను పెద్దబాపు అడిగి చూశాడు. "రెప్ప లాగితే గిది కనవడదు గదా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "మళ్ల రానోళ్లంత బాగైన్రనుకున్న బిడ్డా. ఎందరు గిట్లనే పోయిన్రో" అని కిటికీ వైపు తిరిగాడు.

పసరు మానేశాడు. వచ్చినవాళ్లతో, "దవాఖానకు పోండ్రి, లోపల చూపిచ్చుకోండ్రి, నా లెక్క ఆగకుండ్రి" అనేవాడు. చేతి మహిమ పోయిందనుకుని జనం రావడం మానుకున్నారు. అయినా ఆదివారం పీట వేసేవాడు. ఎవరికోసమని అడిగాను.

"పాతోళ్లల్ల ఒక్కరన్న వచ్చి, బాగున్ననని చెప్తరేమో."

ఎవరూ రాలేదు.

నిన్న ఆదివారం. దహనానికి వచ్చినవాళ్లు శనివారమే వెళ్లిపోయారు, ఘనపూర్‌లో పెద్దబాపు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వాకిలి ఊడ్చి పీట వేశాను. ఎండ పడ్డాక నేనే దాని మీద కూర్చుని, తూర్పుకు తిరిగి కళ్ళు తెరిచిపెట్టాను.