ఎడమ చేతికి విభూతి, కుడి చేతికి క్రీము

కప్పలకు పెళ్ళి చేస్తే వాన రాదని నాగలమడికలో నేను గంటసేపు ఉపన్యసించిన సాయంత్రమే వాన కురిసింది. శనక్కాయ చేలు ఎండిపోతున్న ఏడాది అది. కప్పల పెళ్ళి చేసిన జనం నన్ను చూసి నవ్వుతూ తడిసిపోయారు. అయినా నేను బుద్ధి తెచ్చుకోలేదు. వాదించడానికి మరో వేదిక కోసం ఎదురుచూశాను. చివరికి దొరికిన వేదిక నా కూతురి చేతులు.

పాపకు అప్పుడు ఏడేళ్ళు. కాలి ఎముకలో చీము చేరి, పావగడలో ఒక నర్సింగ్ హోములో పడుకుని ఉంది. రోజూ నరంలోకి మందు ఎక్కించాలి. కొన్నాళ్ళకొకసారి సూది ఉన్నచోట చెయ్యి వాచేది. అప్పుడు దాన్ని తీసి ఇంకోచోట గుచ్చాలి. కిందటిసారి నరం దొరక్క ఎన్నోచోట్ల పొడిచారు. అప్పటినుంచి నర్సు ట్రే చప్పుడు వింటే చాలు, పాప దుప్పటి కప్పుకుని వణికేది.

బెంగుళూరులో పిల్లల డాక్టరుగా ఉన్న మిత్రుడికి రాస్తే, బస్సు కండక్టరు చేతికిచ్చి ఒక క్రీము పంపాడు. సూది గుచ్చేచోట మందంగా పెట్టి, రుద్దకుండా, పైన ప్లాస్టిక్ అంటించి గంటసేపు ఉంచితే చర్మం మొద్దుబారుతుందట. ఇక్కడి డాక్టరు కూడా సరేనన్నాడు.

మళ్ళీ సూది మార్చాల్సిన రోజు క్రీము తీసుకుని వార్డులోకి వెళ్ళేసరికి మా అమ్మ పాప ఎడమ చేతికి విభూతి పూస్తోంది. నాకు పండగైంది.

"ఉండనీమ్మా. ఆ చెయ్యి నీది, ఈ చెయ్యి నాది. ఏది పనిచేస్తాదో అందరూ చూస్తారు" అన్నాను.

కుడిచేతికి క్రీము పెట్టాను. పక్క మంచాలవాళ్ళు వినేటట్టుగా, బూడిదకు నొప్పి తెలియకుండా చేసే గుణం ఎందుకు లేదో, ఈ మందుకు ఎందుకు ఉందో వివరించాను. ఒక ముసలాయన నిద్రపోయాడు. పాప మాత్రం కళ్ళార్పకుండా విన్నది. నా జీవితంలో అంత శ్రద్ధగల శ్రోత మళ్ళీ దొరకలేదు.

గంట తర్వాత నర్సు వచ్చి ప్లాస్టిక్ తీసింది. తట్టింది, నొక్కింది, తల ఊపింది.

"సార్, ఈడ చర్మం తెల్లగైపోయి నరం కనపడలేదు. ఆ చేతిలో బాగుండాది. ఆడే వేస్తాను."

పాప ఎడమ చెయ్యి గబుక్కున వీపు వెనక దాచుకుంది.

"వద్దు! అది అవ్వ చెయ్యి. విభూతి పూస్తే నొప్పి పోదంట, నాయనే చెప్పినాడు!"

ఏడుపు, వణుకు, తన్నులు. నర్సు ట్రే కింద పడింది. ఊళ్ళకు ఊళ్ళు తిరిగి ఒక్కరిని కూడా మార్చలేకపోయిన నేను, ఆరోజు మార్చింది ఈ ఒక్క మనిషిని.

డాక్టరును బతిమాలితే మందు ఇంకో గంట ఆగొచ్చు అన్నాడు. ట్యూబులో క్రీము మిగిలే ఉంది. తడి దూది పట్టుకుని, అమ్మ ఏమంటుందో అని నిలబడ్డాను.

"సూస్తా నిలబడుకున్నావేందప్పా? తుడిసి పూయి. బిడ్డకి నొప్పి లేకుంటే సాలు. నేనేమన్నా నీతో పందెం కట్టినానా?"

నిజమే, కట్టలేదు. ఇంతసేపూ పోటీలో ఉన్నది నేనొక్కడినే.

విభూతి తుడిచి, ఎడమచేతిలో నర్సు పెన్నుతో గుర్తుపెట్టిన నరం మీద క్రీము పెట్టాను. ఈసారి ఉపన్యాసం లేదు. అమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని మేకపిల్ల కథ మొదలుపెట్టింది. గంట గడిచి, కథలో మేకపిల్ల తప్పిపోయేసరికి నర్సు వచ్చి సూది గుచ్చింది. సూది లోపలికి పోయింది, పాప చూస్తూనే ఉంది.

"అవ్వా, మేకపిల్ల దొరికినాదా?" అని అడిగింది.

అంతలో పక్క మంచం దగ్గరున్న ఆమె మా అమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"అవ్వా, అది యా దేవుడి విభూతి? తుడిసినా గుణం పోలేదు సూడు! మా పిల్లోడికీ రవంత పెట్టవ్వా."

నా గొంతు దానంతట అదే సవరించుకుంది. "చూడమ్మా, అసలు విషయం ఏందంటే..." అని చెయ్యెత్తాను.

"నాయనా" అంది పాప, సూది ఉన్న చెయ్యి కదలకుండా పట్టుకుని. "నువ్వు అరవొద్దు. నువ్వు అరిస్తే మంచం అదురుతాది."

చెయ్యి దించి, మంచం అంచు పట్టుకుని కూర్చున్నాను.