మద్దెల అడిగి తెచ్చింది నేనే

నాకు వేషాల పిచ్చి. మా తెలుగువాళ్ల కాలనీలో నాటకం వేస్తే నేనుండాల్సిందే. అందుకే మా ఊరి దగ్గరున్న దల్మా కొండల పక్కన సినిమా తీస్తున్నారని తెలియగానే, కార్ఖానాకి సెలవు పెట్టి వెళ్లాను. బ్యాంకు దోచిన బందిపోట్లు అడవిలోకి పారిపోయి, మనుషుల్ని తినే తెగకు చిక్కుతారు. అదీ కథ. బందిపోటు వేషం దొరుకుతుందని మీసం దువ్వుకొని నిలబడ్డాను. దర్శకుడు నా రంగు చూసి, "వీణ్ణి తినేవాళ్లలో కలపండి" అన్నాడు. చిన్నబోయాను, కానీ ఒప్పుకున్నాను.

చేతిలో డబ్బు లేని సినిమా. బీట్‌రూట్ రసంలో నానబెట్టిన పనస ముక్కలే మాంసం. తెగవాళ్ల గంతులకి వాయిద్యం కావాలంటే, "నేను తెస్తాను" అని ముందుకొచ్చాను. నాతో వెల్డింగు చేసే మిత్రుడు హో అనే తెగకు చెందిన ఆదివాసీ. వాళ్లింట్లో పండగలకి వాయించే మద్దెల ఉంది. సినిమాలో మీ ఆటపాటలు చూపిస్తారట అని చెప్పాను. అలాగని నాకెవరూ చెప్పలేదు. వాళ్లమ్మ మద్దెలని కొంగుతో తుడిచి మరీ నా చేతికిచ్చింది.

మద్దెల తిరిగిచ్చేసిన కొన్ని నెలలకి, మా ఊళ్లోనే మాంగో అనే పేటలో ఒక చిన్న హాల్లో సినిమా వేశారు. మిత్రుడు తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకొని మా వరసలోనే కూర్చుంది. తెర మీద మద్దెల మోగింది. ఒంటికి మసి పూసుకున్న మేం, చెట్టుకి కట్టేసిన బందిపోటు చుట్టూ గెంతి, అతని చెయ్యి కొరికాం. హాలంతా ఈలలు. వెనక నుంచి ఎవడో "జంగ్లీ! జంగ్లీ!" అని అరిచాడు.

మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. "ఏటిది? ఆళ్లమ్మ పక్కనే ఉన్నాది, సూడు."

చూశాను. ఆ ముసలమ్మ తెర వంక చూడటం లేదు. ఒళ్లో పెట్టుకున్న తన చేతుల్నే చూసుకుంటోంది. విరామంలో ఇద్దరూ వెళ్లిపోయారు.

మర్నాడు పనిలో మిత్రుడి దగ్గరకెళ్లి, "ఇలా తీస్తారని నాకు తెలీదు" అన్నాను.

అతను గ్లవ్ తీస్తూ హిందీలో అడిగాడు. "గెంతింది నువ్వే కదా. అప్పుడు నీకూ సరదాగానే ఉందా?"

"ఉంది" అన్నాను. ఇంకో అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. అతను మొహానికి మాస్క్ దించుకొని పనిలో పడ్డాడు.

సాయంత్రం వాళ్లింటికెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. తల వంచుకొని, తప్పయిపోయిందని ఏదో గొణిగాను. ఆవిడ విననట్టే, "పిల్లలు బాగున్నారా?" అంది. తిట్టినా బాగుండేది. తాగిన గ్లాసు నేనే కడగబోతే, వద్దని నా చేతిలోంచి తీసుకుంది.