నాయనమ్మ కూడబలుక్కుని చదివిన వేసవి

నా చిన్నప్పుడు మా పేటలో నా అంత అనుమానపు మనిషి ఇంకొకరు ఉండేవారు కాదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇన్ని అనుమానాలేమిటని మా అమ్మ విసుక్కునేది. చర్చిలో ప్రార్థన మొదలవగానే అందరూ కళ్ళు మూసుకుంటే, నేను ఒక కన్ను తెరిచి, ఎవరు నిజంగా మూసుకున్నారో, ఎవరు నటిస్తున్నారో చూసేదాన్ని. అలా చూస్తూ నేనూ నటిస్తున్నానని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

మా ఊరు గురజాలకు నాలుగు మైళ్ళు. పేట చివర నాపరాళ్ళతో కట్టిన చిన్న చర్చి, దాన్ని ఆనుకుని అయ్యగారి గది. అయ్యగారంటే మా పాస్టరు. సత్తెనపల్లి వైపు నుంచి ఒంటరిగా వచ్చిన మనిషి. వచ్చిన కొత్తలో ఆయన పాట ఎత్తుకుంటే మిరపతోటల్లో కాయ కోసే ఆడవాళ్ళకు వినిపించేదట. ఎవరింట్లో జ్వరమన్నా పిలవకముందే గుమ్మంలో ఉండేవారు. మూడో ఏడు వచ్చేసరికి ఆయనలో ఏదో తగ్గింది. దాన్ని ముందు కనిపెట్టింది నేనే. ఆదివారం చెప్పిన ప్రసంగం నాలుగు వారాల కిందట విన్నదే. ప్రార్థన మధ్యలో ఆగిపోయి, తరువాత ఏమనాలో తెలియనట్టు కాసేపుండి, ఆమెన్ అనేసేవారు. ఎండలకు నీరసపడ్డారులే అనుకున్నారు పెద్దవాళ్ళు. నాకు మాత్రం ఆయన ఊరు వదిలి పోతారని గట్టి అనుమానం.

అది చిన్న సంగతి కాదు. ఆయన రాకముందు ఆరేళ్ళపాటు మా చర్చికి తాళమే. ఎవరన్నా పోతే మట్టి చేసేటప్పుడు నాలుగు మాటలు చెప్పే దిక్కు లేక, పక్క ఊరి పాస్టరును బతిమాలి తెచ్చుకునేవారట. మా తాతయ్యను అలాగే ఒక పగలంతా ఇంటి ముందు ఉంచుకుని ఎదురుచూశామని నాయనమ్మ చెప్పేది.

ఒక మధ్యాహ్నం, సండే స్కూల్లో మరిచిపోయిన పలక కోసం చర్చికి వెళ్ళాను. అయ్యగారు లోపల వేదిక ముందున్న మెట్టు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. తలుపు చాటున ఆగిపోయాను. ఆయన చేతులు జోడించలేదు, కళ్ళు మూసుకోలేదు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు.

"ప్రభువా, నీతో చెప్పటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఎందుకు ఆరిపోయిందో కూడా నాకు తెలవట్లేదు."

ఆ మాట అని, లేచి, చీపురు తీసుకుని నేల ఊడవడం మొదలుపెట్టారు. నాకు భయంతో పాటు దొంగ దొరికాడన్న సంబరం కూడా కొంత కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక్క పరుగున ఇంటికి వచ్చి నాయనమ్మకు పూస గుచ్చినట్టు చెప్పాను. చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆపి, నా గడ్డం పట్టుకుని, ఈ మాట ఇంకెవరి చెవినన్నా వేశావంటే నాలుక కోస్తానంది.

ఆ సాయంత్రమే ఆమె చీర మార్చుకుని, బైబిలును తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరింది. నేను వెనకే వెళ్ళాను. అయ్యగారి గది అరుగు మీద కూర్చుని ఆమె అడుగుతున్నది విని నేను గోడకు అతుక్కుపోయాను. తనకు అక్షరం ముక్క రాదట. చచ్చేలోపు బైబిలు తన కళ్ళతో తాను చదువుకోవాలని ఉందట. రోజూ కాసేపు నేర్పమని బతిమాలుతోంది.

అమ్మ నాయనమ్మో! మిషను హాస్టల్లో ఉండి ఐదో తరగతి దాకా చదివిన మనిషి ఆమె. బైబిలు సగం నోటికి వచ్చు. అలా నోటికి వచ్చు కాబట్టే చర్చికి పుస్తకం తెచ్చేది కాదు, అయ్యగారికి ఆమె చదువు సంగతి తెలిసే దారే లేకపోయింది.

ముందు ఆమెకు మతి పోయిందేమోనని భయపడ్డాను. బెల్లం పొట్లం కట్టిన కాగితం తెచ్చి చదవమంటే గడగడా చదివేసింది. మతి బాగానే ఉంది. అయితే క్రిస్మస్‌కు ముసలివాళ్ళకు పంచే చీర కోసం ఆయన్ను మంచి చేసుకుంటోందేమో అనుకున్నాను. క్రిస్మస్‌కు ఇంకా ఎనిమిది నెలలుంది. నాలుగు రోజులు ఓపిక పట్టి చివరకు అడిగేశాను, అయ్యగారితో అబద్ధమాడటం పాపం కాదా అని. ఆమె కొట్టలేదు, తిట్టలేదు.

"ఆరిపోయినోడికి నీతులు చెప్తే ఇంకాస్త ఆరిపోతాడే. ఆయన్ని ఏదన్నా అడగాల. ఇచ్చేదాకా అడగతానే ఉండాల," అంది.

నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నేను నమ్మేదాన్ని కాదు. అందుకని రోజూ సాయంత్రం ఆ గోడ పక్కనే కాపలా కాశాను. నాయనమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. అయ్యగారు మొదట్లో ఆవలిస్తూ, వాకిలి వైపు చూస్తూ చెప్పేవారు. రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడని జాలర్ల కథకు వచ్చేసరికి పదిరోజులు పట్టింది. వాళ్ళు ఒడ్డున వలలు కడుక్కుంటుంటే ప్రభువు వచ్చి మళ్ళీ వెయ్యమంటాడు. అక్కడ నాయనమ్మ వేలు ఆపింది.

"రాత్రంతా ఏసినా ఒక్కటీ పళ్ళా గదా అయ్యగారూ. వలలు గూడా కడిగేసుకున్నారు. మళ్ళీ ఎందుకేశారంటారు?"

అయ్యగారు ఆ వాక్యాన్ని తానే మళ్ళీ చదువుకున్నారు. రేపు చెబుతానన్నారు. మర్నాడు నాయనమ్మ ఇంకా పొయ్యి ముందు ఉండగానే ఆయనే మా ఇంటికి వచ్చారు. రాత్రి నిద్ర పట్టలేదని, జవాబు తనకూ దొరకలేదని, ఆ పుట ఇంకోసారి చదువుదామని అడిగారు. ఆ ఆదివారం చర్చిలో, పదిసార్లు చెప్పిన కథలో తనకెప్పుడూ రాని ప్రశ్న ఒక ముసలామెకు వచ్చిందని చెప్పి, అందరినీ ప్రార్థనకు కళ్ళు మూసుకోమన్నారు. నేను ఎప్పటిలాగే ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటున్నారు. నటన అనడానికి నాకేమీ దొరకలేదు.

వానలు పడేసరికి ఆ అరుగు మీద నాయనమ్మతో పాటు ఏడుగురు ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవారు. అయ్యగారు ఊరు వదల్లేదు. తొమ్మిదేళ్ళ తరువాత నాయనమ్మ పోతే, మట్టి చేసేటప్పుడు ప్రార్థన చేసింది ఆయనే. ఎవరినీ బతిమాలి తెచ్చుకోవలసిన అవసరం రాలేదు.

అప్పటికి నేను నరసరావుపేటలో టీచర్ ట్రైనింగులో ఉన్నాను. అందరూ వెళ్ళిపోయాక, ఇన్నేళ్ళు మోసిన బరువు దించుకుందామని, నాయనమ్మ మీతో అబద్ధమాడింది, ఆమెకు చదువొచ్చని ఆయనకు చెప్పేశాను. ఆయన నవ్వారు. రెండో రోజే తెలిసిపోయిందట, తిప్పమనకముందే పేజీ తిప్పేసిందట. మరి ఎందుకు ఊరుకున్నారంటే, ఆమె రాకపోతే ఆ పూట తాను బైబిలు తెరవనని భయమేసిందన్నారు. చాలా రోజుల తరువాత ఒకసారి ఆమెనే అడిగారట. ఆమె ఏమందో ఆయన అచ్చం ఆమెలాగే చెప్పారు.

"చదువొచ్చు అయ్యగారూ. వచ్చే చెడింది. అంతా నోటికొచ్చి చానా ఏళ్ళయింది, లోపలికి మాత్రం ఏదీ పోవట్లా. మీకే గాదు, నాకూ ఆరిపోయింది. ఒక్కో అచ్చరం కూడబలుక్కుంటే అన్నా పోతందేమోనని వచ్చా."

ఇది నిజమో, ఆయన చిన్నబుచ్చుకోకుండా ఆమె అల్లిన ఇంకో అబద్ధమో నాకు నేటికీ అనుమానమే. రెండూ అయి ఉండవచ్చు. బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు తెల్లవారితే చాలు, ఫోనులో వరసగా బైబిలు వాక్యాలు వచ్చి పడతాయి. చదవకుండానే అన్నిటికీ ఆమెన్ కొడతాను. చర్చి కూడికల్లో గట్టిగా ప్రార్థన చేస్తాను, అందరూ బాగుందంటారు, నాకు మాత్రం నా గొంతు మీదే అనుమానం. అది మరీ ముదిరినప్పుడు ఫోను అవతల పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, బైబిలు తెరిచి, ఏమీ రానిదానిలా వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను. చాలా రోజులు ఏమీ జరగదు. అయినా మానను. నిన్న అలా ఒక్క వాక్యం దాటేసరికి పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి. గుడ్డతో తుడుస్తున్నాను. పక్కింటి అమ్మాయి కిటికీలోంచి, "ఏంది పెద్దమ్మా, ఇయ్యాల పాడతన్నావు?" అంది. ఆమె అనేదాకా నేను పాడుతున్నానని నాకు తెలియదు.