వయసులు రాయని అతిథులు

తెరెక్-బెల్ అనే కొండ ఊళ్లో వసంతం ముందు చెవికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. మంచు కింద వాగు మెల్లగా కదులుతుంది. ఆ చప్పుడు వింటూ ఉమ్సునాయ్ రోజూ ఏడున్నరకి బడి తాళం తీస్తుంది, పొయ్యిలో నాలుగు బొగ్గు గడ్డలు వేస్తుంది, నల్లబల్ల మీద ఒక లెక్క రాస్తుంది. ముప్పై నాలుగేళ్లుగా అదే వరస. నలభై దాటని వాళ్లందరికీ ఆ ఊళ్లో ఎక్కాలు ఆమె నోటి నుంచే వచ్చాయి. అక్కా అని పిలిచినట్టు ఊరంతా ఆమెని "ఎజే" అని పిలుస్తుంది, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా.

ఆమె ఎండాకాలపు మేత కొండల్లో పుట్టింది. తండ్రి సర్కారు సమష్టి క్షేత్రంలో గొర్రెల కాపరి. దొడ్డి గడపలోంచి మంద నదిలా పారుతుంటే, ఆయన రెండేసి చొప్పున కళ్లతోనే లెక్కపెట్టేవాడు. ఎనిమిది వందల గొర్రెల్లో ఒకటి తగ్గితే ఆయన కనుబొమ పైకి లేచేది. ఆ కనుబొమే ఆమెకి మొదటి గణిత పుస్తకం. నరీన్ పట్టణంలో టీచరు చదువు చదివి, పంతొమ్మిదో ఏట ఊరికి తిరిగొచ్చింది. రెండేళ్లకి దేశమే చేతులు మారింది, సమష్టి మంద ఇంటింటికీ ముక్కలై పంచుకుపోయింది. ఆ ఏడాది పిల్లలకి తీసివేతలు చెప్పడానికి ఆమె వేరే ఉదాహరణలు వెతుక్కోలేదు.

ఈ ఏడు ఆమె దగ్గర నాలుగో తరగతిలో పదకొండు మంది. మే నెలలో దేశమంతటా నాలుగో తరగతికి ఒకేరోజు ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. అందులో లెక్కల సగటు వరసగా రెండేళ్లు యాభై కంటే తగ్గితే ఆ తరగతిని ఎత్తేసి, కనుమ అవతలి పెద్దబడిలో కలిపేస్తారు. చలికాలమంతా కనుమ మంచుతో మూసుకుపోయి ఉంటుంది. అంటే పదేళ్ల పిల్లలు అక్కడి హాస్టల్లో పడుకోవాలి, దారి తెరిచినప్పుడే అమ్మ ముఖం చూడాలి. కిందటేడు సగటు నలభై మూడు.

మార్చి చివర్లో నమూనా పరీక్ష పెట్టారు. వారం తర్వాత జిల్లా విద్యాశాఖ నుంచి ఎల్దియార్ వచ్చాడు, చంకలో లాప్‌టాప్, బూట్లకి పిక్కల దాకా బురద.

"నలభై ఒకటి, ఎజే," అన్నాడు కూర్చోకుండానే.

"నూటికా?"

"నూటికే. వెయ్యికయితే ఇంతదూరం రాకుండా ఫోన్లోనే ఏడ్చేవాణ్ణి."

ఉమ్సునాయ్ అతని ముందు టీ గిన్నె పెట్టింది. "ఏడో ఎక్కం దగ్గర నువ్వు ఎన్నాళ్లు కూలబడ్డావురా?"

"మెల్లగా అనండి ఎజే. ఆఫీసులో నన్ను గణిత నిపుణుడంటారు."

"అనుకోనీ. నేను చెప్పనులే."

అతను నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు. "ఇది చూడండి. ఎనిమిదో లెక్క. 'ఇంటికి ఆరుగురు అతిథులు వచ్చారు. మాంసం ఉన్న ఎముకలు పన్నెండు ఉన్నాయి. ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి?' పదకొండు మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా రెండని రాయలేదు. పన్నెండుని ఆరుతో భాగించడం రాని తరగతిని ఏమని కాపాడను?"

ఆమె నొచ్చుకోలేదు. తన పిల్లలకి భాగహారం వచ్చని ఆమెకి తెలుసు, వాగు పల్లానికే పారుతుందని తెలిసినంత గట్టిగా. మరి ఎనిమిదో లెక్కలో ఏదో జరిగింది. గడిలో రాసిన అంకెని మాత్రమే పేపర్లు దిద్దే మిషను చదువుతుంది. ఆ అంకె ఏ దారిన వచ్చిందో చిత్తుకాగితాల్లో ఉంటుంది. పొయ్యి రాజెయ్యడానికని వాచ్‌మన్ భార్య తీసి ఉంచిన ఆ కాగితాల కట్ట ఇంకా బొగ్గుల డబ్బా మీదే ఉంది. ఉమ్సునాయ్ దాన్ని తెచ్చి బల్ల మీద పరిచింది.

ఒక కాగితం మీద ఆరు బొమ్మలున్నాయి, రెండింటికి గడ్డాలు. గడ్డం పొడుగున్న బొమ్మ ఎదుట తుంటి ఎముక, తర్వాతి దాని ఎదుట తొడ ఎముక, ఆఖరి చిన్న బొమ్మకి మోకాలి కింద ముక్క, ఊళ్లో విందుకి వయసు వరసన వడ్డించినట్టే. బయామాన్ రాత అది. కింద రాశాడు: 'ఒక్కొక్కరికి ఒకటి. మిగిలిన ఆరు ఇంటివాళ్లవి, వడ్డించే కోడళ్లవి.' ఇంకొక పిల్ల ముసలివాళ్లకి మూడేసి, పడుచువాళ్లకి ఒక్కొక్కటి వేసి లెక్క సరిపెట్టింది. ఐజిరెక్ తరగతిలో అందరికంటే చురుకు. ఆ పిల్ల గడి ఖాళీగా వదిలేసి చిత్తుకాగితం మీద ఒక్క ముక్క రాసింది: 'అతిథుల వయసులు రాయలేదు. చెప్పలేను.'

ఎల్దియార్ ఆ కాగితాన్ని రెండోసారి చదివాడు. "దీంట్లో తప్పేముంది?" అన్నాడు చివరికి, తనలో తను.

"ఏమీ లేదు. మీ తాత వచ్చినప్పుడు ఆయనకీ నీకూ సమానంగా పంచితే మీ అమ్మ ఊరుకుంటుందా?"

"తల మీద గరిటె విరుగుతుంది." అతను లాప్‌టాప్ మూశాడు. "కానీ ఎజే, మిషనుకి తాత లేడు. ఇంకా ఆరు వారాలే ఉంది."

"నాకు నాలుగు చాలు," అంది ఆమె. గొప్పకి అనలేదు. లెక్కవేసే అంది.

మర్నాడు పిల్లలకి సంగతి చెప్పింది. "మీరు రాసింది మన ఇంట్లో రైటు. కాగితం మీది మనుషుల సంగతి వేరు. వాళ్లకి వయసు లేదు, ఆకలి లేదు, తాతల్లేరు. వాళ్లు ఒట్టి అంకెలు. కళ్లు మూసుకుని భాగించెయ్యండి."

"పాపం ఎజే," అన్నాడు బయామాన్. "గడ్డం కూడా ఉండదా?"

"ఉండదు."

"అయితే వాళ్లు తినేది మాంసం కూడా కాదేమో."

తరగతి గొల్లుమంది, ఆమె కూడా. కాని ఆ మంత్రం పనిచేసింది. మూడు వారాల పాటు పిల్లలు కాగితం మనుషులకి ఆపిల్ పళ్లు, చాప గజాలు, గుర్రం నాడాలు చకచకా పంచేశారు. తరగతికి ఒక ఊపు వచ్చింది, గడ్డి కోసేటప్పుడు కొడవళ్లన్నీ ఒకే తాళంలో ఊగినట్టు. ఏప్రిల్ చివర్లో తనే ఒక పరీక్ష పెట్టింది. ఎంత పెరిగిందో చూద్దామని ఉత్సాహంగా దిద్దడం మొదలెట్టి, అయిదో లెక్క దగ్గర ఆగిపోయింది.

'ముప్పై ఎనిమిది మంది పిల్లలు సరస్సు చూడడానికి వెళ్తున్నారు. ఒక్కో వ్యానులో తొమ్మిది మంది పడతారు. ఎన్ని వ్యాన్లు కావాలి?' పదకొండు మందిలో తొమ్మిది మంది నాలుగని రాశారు. శేషం రెండు అని పక్కన చక్కగా, తప్పులేకుండా.

"బయామాన్, ఈ ఇద్దరు పిల్లలూ?" అని అడిగింది.

"శేషం, ఎజే."

"శేషమంటే వాళ్లు ఎక్కడున్నారు?"

"రోడ్డు మీద. కాని కాగితం పిల్లలే కదా, చలి వెయ్యదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు, ఆమెతో సహా. నెల కిందటైతే ఇదే బయామాన్ ఆ ఇద్దరికోసం తన తండ్రి గుర్రాన్నయినా పంపేవాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భర్త సాగిన్ వాకిట్లో గుడారం కర్రలకి ఎర్రరంగు వేస్తున్నాడు. కొండెక్కే కాలం దగ్గరపడింది. జరిగింది విని, కుంచె ఆపకుండా అన్నాడు: "భేష్. ఇన్నేళ్లూ లెక్కలే నేర్పావనుకున్నాను. మనుషుల్ని దారిలో దింపెయ్యడం కూడా నేర్పావన్నమాట."

"వెక్కిరించింది చాలు. ఒక మాట చెప్పు. కొత్త ఊళ్లో ముక్కూ ముఖం తెలియని ఇంటికి వెళ్తావు. గుమ్మం దాటగానే ఏం చేస్తావు?"

"సలాం చెప్తాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, చూస్తాను. వాళ్లు ఎటు కూర్చోమంటారో, రొట్టె ముందు ఎవరు తుంచుతారో. ఒక్కో లోయది ఒక్కో మర్యాద. మన మర్యాద మన గుమ్మం దాకానే."

ఆమె అతని చేతిలోంచి కుంచె లాక్కుని ఒక కర్ర చివరి దాకా రంగు పూసి, తిరిగి ఇచ్చేసింది. పరీక్షకి పదిహేను రోజులుంది. నేర్పినదాన్ని సగానికి విప్పి మళ్లీ అల్లాలి. అల్లిక విప్పడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. దారంలో ఓపిక ఉన్నంతసేపూ విప్పి చూసుకోవచ్చు.

తెల్లవారి నల్లబల్ల మీద లెక్క రాయలేదు. ఒక గుమ్మం గీసింది.

"నేను చెప్పిన మాటలో సగం తప్పుంది," అంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎజే నోట ఆ మాట వాళ్లు ఎన్నడూ వినలేదు. "ప్రతి లెక్కా ఒక ఇల్లు. మీరు అతిథులు. వెళ్లగానే తినడం మొదలెట్టకూడదు. చుట్టూ చూడాలి. ఇక్కడ ఎవరున్నారు? నన్ను ఏమడుగుతున్నారు? నేను జవాబు చెప్పాక వీళ్లు దాంతో ఏం చేసుకుంటారు? ఈ మూడూ తెలిశాకే పెన్సిలు."

"మాంసం ఇల్లు?" అంది ఐజిరెక్, ఇంకా పట్టు వదలకుండా. "వయసులు చెప్పలేదు కదా."

"నువ్వే చెప్పు. ఇంటాయన వయసులు చెప్పలేదంటే?"

ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. బయట పోప్లార్ చెట్ల కొమ్మలకి మొగ్గలు జిగురుగా మెరుస్తున్నాయి. "అంటే ఆ ఇంట్లో వాటిని పట్టించుకోరు. సమానంగా పంచుతారు. వింత ఇల్లు."

"వింతే. కాని నీ ఇల్లు కాదు. వ్యాన్ల ఇల్లు?"

"ఆ ఇంటాయన వ్యాన్లు పిలవాలి," అన్నాడు బయామాన్. "నాలుగు పిలిస్తే ఇద్దరు ఏడుస్తారు. అయిదు."

ఆ పదిహేను రోజులూ తరగతి గది ఒక ఊరైపోయింది. పిల్లలు లెక్కల్ని పేర్లు పెట్టి పిలిచారు. ఒకటి పిసినారి ఇల్లు, ఒకటి మాటలెక్కువ ఇల్లు. అందులో అక్కర్లేని అంకెలు మూడుంటాయి, అడిగేది ఒక్కటే. ఇంకొకటి మతిమరుపు ఇల్లు. అక్కడ ప్రశ్నలో సగం పై వాక్యంలోనే దాక్కుని ఉంటుంది. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని పిల్లవాడొకడు ఒకరోజు లేచి, "ఎజే, ఈ ఇంట్లో ముందు కూడికే పెట్టారు, తర్వాతే భాగహారం," అని కూర్చున్నాడు. అది రెండు మెట్ల లెక్క. జిల్లా మొత్తం తడబడే రకం.

పరీక్షరోజు ఆమెని లోపలికి రానివ్వలేదు. పక్క ఊరి టీచర్లు కాపలా ఉన్నారు. ఉమ్సునాయ్ బయట గోడ వారన నిలబడింది. గోడకి ఎండ వెచ్చగా తగులుతోంది. లోపలి నిశ్శబ్దం తనకి తెలిసిందే, మంద నిద్రపోయేటప్పటిదీ కాదు, బెదిరినప్పటిదీ కాదు. తలలు వంచి మేస్తున్నప్పటిది. ఆమె గుండె కుదుటపడింది.

ముందుగా బయామాన్ బయటికొచ్చాడు, చెవులు ఎర్రగా.

"అన్నీ చేశావా?"

"చేశాను. పన్నెండో ఇంట్లో మాత్రం ఏమడుగుతున్నారో అర్థం కాలేదు. సలాం చెప్పి వచ్చేశాను."

"మంచి పని. అర్థం కాని ఇంట్లో అబద్ధమాడకూడదు."

తర్వాత ఐజిరెక్ వచ్చింది. ఆమె పక్కన గోడకి ఆనుకుంది. "ఒక లెక్కలో తాత ఉన్నాడు ఎజే," అంది. "వయసు కూడా ఇచ్చారు. అది అక్కర్లేని అంకె."

"కనిపెట్టావా?"

"కనిపెట్టాను. కాని బాధేసింది."

జూన్ రెండో వారంలో ఎల్దియార్ ఫోన్ చేశాడు. అప్పటికి సగం ఊరు కొండెక్కేసింది. ఉమ్సునాయ్ బంగాళదుంపల మడిలో ఉంది, చేతుల నిండా మట్టి. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టింది.

"కూర్చున్నారా ఎజే?"

"మడిలో ఎలా కూర్చుంటానురా. చెప్పు."

"అరవై మూడు."

ఆమె రెండుసార్లు ఊపిరి తీసుకుంది. ఆ రెండు ఊపిర్ల నిండా వాగు చప్పుడే ఉంది.

"వినపడిందా? తరగతి ఉంది ఎజే. ఎత్తెయ్యరు. రెండు మెట్ల లెక్కల్లో మన జిల్లాలో మీవాళ్లే మొదట. ఆఫీసులో అడుగుతున్నారు, ఏ పుస్తకంలోంచి చెప్పారని."

"పుస్తకమా? ఆగస్టులో మిగతా టీచర్లని ఇక్కడికి పంపు. చెప్తాను. వట్టి చేతుల్తో రావద్దను, టీకి చక్కెర లేదు."

ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుని ఆమె నేరుగా బడికి నడిచింది. ఎండాకాలంలో గదుల నేలకి టీచర్లే రంగు వేసుకోవాలి. హెడ్మాస్టారు కొట్టు గది ముందు డబ్బాలు వరసగా పెట్టి, గది పేరు రాసిన చీటీ ఒక్కోదానికి అంటిస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత టీచర్ల గది. నాలుగుకి చీటీ లేదు.

"ఏం చెయ్యను ఉమ్సునాయ్," అన్నాడాయన చూపు తప్పించి. "ఉంటుందో లేదో తెలియని గదికి రంగెందుకని..."

"ఉంది," అంది ఆమె. "అరవై మూడు."

ఆయన టీచర్ల గది చీటీ మెల్లగా పీకి, ఆ డబ్బా ఆమె చేతికిచ్చాడు. "గోధుమ రంగే ఉంది."

"ఏదైనా సరే."

నాలుగో తరగతి గదిలో బల్లలన్నీ వరండాలోకి లాగేసింది. కిటికీలు బార్లా తెరిచింది. తలగుడ్డ బిగించి, లంగా మోకాళ్ల పైకి దోపుకుని, దూరపు మూల నుంచి మొదలుపెట్టింది. కుంచె వెళ్లిన మేరా పాత చెక్కలు తడిగా, ముదురుగా మెరిశాయి. మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ, పదకొండు మంది ఖాళీ చేసిన నేల మీదుగా, రాబోయే తొమ్మిది మంది పేర్లు పెదాల మధ్య ఒక్కొక్కటే అనుకుంటూ, గుమ్మం వైపు వచ్చింది.