ఆరితే బిగిసే పేము

ఈ ఉదయం ఏడూ ఇరవైకి పేము కుర్చీని వరండాలో బోర్లించి, అల్లికకి అడుగువైపున తడిగుడ్డ పరిచాను. ఏటా వేసవి మొదట్లో మా మేనత్త రూతమ్మ చేసే పని ఇది. ఆమె పోయి పది నెలలైంది. గుడ్డ కింద నుంచి లేచిన వాసన, తడిసిన గడ్డివాముకీ ఉడికిన తేగకీ మధ్యలో ఉండే వాసన, ఏలూరులో మేం అద్దెకున్న ఇంటి పెరటిది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కొల్లేటి లంకలోని మా నాన్న వాళ్ళ ఊరి నుంచి అత్త ఒక రేకుపెట్టెతో, తాటాకు బుట్టెడు ఎండు మట్టగిడస చేపలతో మా ఇంటికి వచ్చింది. మూడో ఏట తట్టు సోకి ఆమె చూపు పోయింది. నీళ్ళలో పెట్టి చేపలు పట్టే వెదురు బుట్టని అక్కడ మావు అంటారు. వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని ఆమె మావులు అల్లడం నేర్చుకుంది. చేపల చెరువులు తవ్వాక మావులు అడిగేవాళ్ళు లేకపోయారు. అందుకని వికలాంగులకి పని నేర్పే ప్రభుత్వ కేంద్రంలో, కుర్చీలు అల్లే తరగతిలో చేరింది. ఆరు నెలల తర్వాత పరీక్ష. నెగ్గితే ఆఫీసుల కుర్చీలు అల్లకానికి ఆమె దగ్గరికి వస్తాయి. లేకపోతే మళ్ళీ లంకకి వెళ్ళి, పెద్దన్న అరుగు మీద రొయ్యలు ఒలుస్తూ కూర్చోవాలి. ఆ మాట అత్త ఒక్కసారే చెప్పింది.

నాకు ఆమె గురించి అన్నీ తెలుసుకోవాలని ఉండేది. గిన్నెలో చారు ఎంత వరకు వచ్చిందో ఎలా తెలుస్తుంది, వీధిలోకి వచ్చింది ముంజలవాడో ఉప్పువాడో వాడు అరవకముందే ఎలా చెబుతుంది. కళ్ళు మూసుకుని నూతి దాకా నడిచి, బట్టలుతికే బండకి మోకాలు కొట్టుకున్నాను. సాయంత్రాలు మేం కళ్ళగంతలు ఆడుతూ ఆమెనీ రమ్మంటే, "నాకు గంతలెందుకే, మూడో ఏటే కట్టేసుకున్నాను" అని నవ్వేది. ఆటకి వస్తే మాత్రం అందరినీ పట్టేసేది.

శనివారాలు నాన్నతో కలిసి కేంద్రం నుంచి ఆమెని తీసుకురావడానికి వెళ్ళేదాన్ని. పొడవాటి హాలు, నానిన పేము ఉన్న సిమెంటు తొట్టి, ఒక కాలికి ఇనప పట్టీలు వేసుకుని టకటకమంటూ తిరిగే మాస్టారు. ఆయనా అక్కడే పని నేర్చుకున్నవారు. పరీక్ష ఇంకో వారం ఉందనగా ఆయన అత్త అల్లిన కుర్చీని పిడికిలితో నొక్కితే అది ఉయ్యాలలా కిందికి దిగిపోయింది.

"ఏవండీ రూతమ్మగారూ, ఈ కుర్చీని తీసుకెళ్ళి కొల్లేట్లో దింపుతారా ఏంటి?"

హాలంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది గాని చేయి అల్లిక మీదే ఉంది. "అదేనండీ తప్పు. మావు నీళ్ళలో దిగాకే బిగుస్తుందండీ. చేతులకి అదే అలవాటు."

పేముని నానబెట్టి తడిగా అల్లాలని, ఆరాక అదే బిగుస్తుందని మాస్టారు మొదటి రోజే చెప్పారు. కాని తడి పేము ఆమె వేళ్ళకి కుళ్ళిన పుల్లలా తోచేదట. తొట్టిలోంచి తీసి, తుడిచి, ఆరబెట్టుకుని మరీ అల్లేది. ఆ వారమంతా మా పెరట్లో ఇత్తడి బేసిన్లో పేము నానింది. ఒక పాత చట్రం మీద అత్త పొద్దున అల్లేది, మధ్యాహ్నం విప్పేది, మళ్ళీ అల్లేది. ఇల్లంతా ఆ వాసనే.

పరీక్ష రోజు సాయంత్రం ఆఫీసరు వచ్చి, ఇంకా తడి ఆరని అల్లికని బొటనవేలితో నొక్కారు.

"వదులుగా ఉందమ్మా."

"ఇప్పుడు చూడకండి బాబూ. ఆరనివ్వండి. రేపు చూద్దురుగాని."

"రేపు నాకు తాడేపల్లిగూడెంలో పని."

"బస్టాండుకి వెళ్తూ ఒక్క నిమిషం ఆగండి సార్. దారిలోదే కదండీ" అన్నారు మాస్టారు.

ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. మర్నాడు నాన్నా నేనూ ఆమెతో వెళ్ళాం. ఎనిమిదికి ఆఫీసరు సంచి భుజానే ఉంచుకుని వంగి, అల్లికని వేలితో మీటారు. తప్పెటలా మోగింది. ఆయన ఏమంటారో వినడానికి అత్త ఆగలేదు. తర్వాతి కుర్చీకి కావలసిన పేము తీసుకెళ్ళి తొట్టిలో వేసింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏలూరు నుంచీ ఉంగుటూరు నుంచీ ముదినేపల్లి నుంచీ ఆఫీసుల కుర్చీలు ఆమె దగ్గరికి వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాక తగ్గి, ఆగిపోయాయి.

పోయిన నెల ఆమె పనిముట్లు ఇద్దామని ఆ కేంద్రానికి వెళ్ళాను. చూపులేని ఇద్దరమ్మాయిలు కంప్యూటరు చదివి వినిపించే మాటని చెవుల్లో వింటూ దాని మీద టైపు చేస్తున్నారు. ఎలాగని అడిగాను. "కళ్ళు మూసుకుని మీరే చూడండి ఆంటీ" అని తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. పది నిమిషాల్లో నా పేరు కూడా సరిగ్గా కొట్టలేకపోయాను. వాళ్ళు నవ్వుతుంటే నాకూ బాగానే అనిపించింది. పనిముట్లు మాత్రం తీసుకునేవాళ్ళు లేక ఇంటికి తెచ్చేశాను. సిమెంటు తొట్టిలో చీపుళ్ళు నిలబెట్టి ఉన్నాయి. అక్కడ ఇప్పుడు కుర్చీలు అల్లరు.