నర్సింగ్ చెలకకు ఏ వైపు?

మా పాప స్నానం చేసే నీళ్లలో ఏముందో నాకు తెలియదు. తెలుసుకునేలోగా అది ఆమె ఒంట్లోకి ఎంత చేరుతుందోనన్నదే భయం. తాగడానికి క్యాన్ నీళ్లే వాడతాం. కానీ మూడేళ్ల మహితను బక్కెట్ ముందు కూర్చోబెడితే చాలు, దోసిట్లో పట్టి తాగేస్తుంది.

కాజీపల్లి పక్కన కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని ఏడాదైంది. వానలు మొదలయ్యాక బోరు నీళ్లకు తియ్యటి వాసన పట్టింది. నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివాను. అది ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్ వాసనలా ఉందని చెప్పగలను, ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేను. అధికారులకు ఫిర్యాదు చేస్తే ఎక్కడినుంచో చూపించమన్నారు. పాలుపోసే యాదన్న, వెనకట కంపెనీల మురుగు పోసి పూడ్చిన బొంద ఒకటుండేదని, దాని గురించి ఆగమ్మ అనే కూలి మనిషి రేడియోలో మాట్లాడిందని, ఆ క్యాసెట్ ఇస్నాపూర్‌లో తాజ్ మొహమ్మద్ దగ్గర ఉండొచ్చని చెప్పాడు.

వెళ్లి కలిశాను. తాజ్ చాచాకు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. ఆ రోజుల్లో రేడియోవాళ్లు ఊళ్లకు వచ్చి జనంతో చర్చలు పెట్టేవాళ్లు. హోటల్లో కొందరికి వేరే గ్లాసులెందుకు, ఊరి బావిలో నీళ్లు తోడే హక్కు ఎవరిది, ఇట్లాంటివి. ప్రసారమయ్యే వేళకు మాట్లాడినవాళ్లు చేలల్లోనో షిఫ్టుల్లోనో ఉండేవాళ్లు. అందుకని చాచా క్యాసెట్లలోకి ఎక్కించి ఉంచేవాడు. వాళ్లు తీరిక దొరికినప్పుడు దుకాణానికి వచ్చి తమ గొంతు తాము వినేవాళ్లు. వేరే గ్లాసుల హోటల్ యజమాని కూడా ఒకరోజు వచ్చి, తల దించుకుని మొత్తం విని వెళ్లిపోయాడట.

"ఇంట్లమనిషి ఎదురుంగ కూసోని మాట్లాడితే మీ చాచా ఇనడు. రేడియో డబ్బల మాట్లాడితే ఇంటడు," అంది ఆయన భార్య ఆలంబీ, చాయ్ ఇస్తూ.

ప్రతి క్యాసెట్ మొదట్లో చాచా గొంతే ఉంటుంది: తారీఖు, ఊరు, మాట్లాడినవాళ్ల పేర్లు. ఆగమ్మ క్యాసెట్ కూడా అట్లాగే మొదలైంది. తర్వాత ఆమె గొంతు, తొందర లేకుండా.

"లారీలు తెచ్చి బొందల పోసిన్రు. నా బర్రె గా నీళ్లు తాగి సచ్చింది. ఇగ మన్ను కప్పిన్రు. రేపు గక్కడ ఇండ్లు లేస్తయి, పిల్లలు ఆడ్తరు. గా బొంద ఏడున్నదంటే, నర్సింగ్ చెలకకు..."

టక్కుమని శబ్దం. తర్వాత ఒక చిన్నపిల్ల ఖురాన్ చదువుతున్న గొంతు.

చాచా టేపు ఆపలేదు. అది ఆయన కూతురు సబియా. ఖురాన్ చదవడం పూర్తిచేసిన రోజున ఆలంబీ తెలియక ఈ క్యాసెట్ మీదే రికార్డు చేసింది. క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. కానీ మాట్లాడినవాళ్లు వచ్చి విని, ఔ, నేనన్నది గిదే అని ఒప్పుకున్నాకే విరవడం చాచా పద్ధతి. ఆగమ్మకు కలుపుతీత పనులుండి పదిరోజులు ఆలస్యమైంది, ఈలోగా ఆమె మాటలు చెరిగిపోయాయి. వచ్చి, సబియా చదివినదంతా విని, నవ్వి, బిడ్డ మంచిగ చదివిందని మెచ్చుకుంది. ఇంకోసారి చెప్తానంది. చెప్పేలోగా, వచ్చిన ఎండాకాలంలోనే చనిపోయింది.

"ఏ వైపో మీరు వినలేదా చాచా?" అని అడిగాను.

"రికార్డయితున్నది గదా అని నేను చెవి పెట్టలే, బేటీ."

మా ఇంటి కాగితాల్లో పాత పట్టాదారు పేరు నర్సింగ్. మేముంటున్నది ఒకప్పుడు ఆయన మెట్టచేను అయిన ఆ చెలకలోనే. దానికి తూర్పున ఇప్పుడు అంగన్‌వాడీ ఉంది, ఉత్తరాన పిల్లల పార్కు. మా బోరు పడమటి గట్టుమీద.

లేస్తుంటే చాచా క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. రెక్కలు ఇప్పటికీ విరవలేదు.

"నీళ్లు ఎట్లున్నయో దినాం నువ్వే చెప్పి రికార్డు చెయ్యి. ముందుగాల తారీఖు, ఊరు, పేరు. అయిపోంగనే రెక్క ఇరగ్గొట్టు. ఎవలొస్తరో, ఏమంటరో అని ఆగకు. నేను ఆగి చెడగొట్టిన."

ఇప్పుడు పొద్దున్నే మహితకు బక్కెట్ నింపేముందు ఫోన్లో తారీఖు, కాజీపల్లి, నా పేరు చెప్తాను. వాసన ఉందో లేదో చెప్తాను. ఫోనుకు రెక్కలుండవు, అందుకే చెరిగిపోకుండా ఆ క్షణమే చాచాకు, మరో నలుగురికి పంపేస్తాను. ఇవాళ్టిది నలభై ఒకటోది. వాసన ఉంది.