నీళ్లతో నడవని కారు

రెండేళ్ల క్రితం వేసవిలో, పదవీ విరమణకు ఎనిమిది నెలల ముందు, హైటెక్ సిటీలోని ఒక ఐటీ ప్రాంగణంలో హైడ్రోజన్ కారు ప్రదర్శనకు నన్ను పంపారు. మా దినపత్రిక నగర విభాగంలో నేను సీనియర్ రిపోర్టర్‌ని. ఇంజనీరు పద్మావతిగారు కారు వెనక గొట్టం కింద గ్లాసు పెట్టి, రాలిన నీటిచుక్కలు చూపించారు. పొగ లేదు. వార్తకు అదే మొదటి వాక్యమైంది. హైడ్రోజన్ ఎక్కడినుంచి వచ్చిందన్నది నాలుగో పేరాలో రాశాను. జాగా చాలనప్పుడు డెస్క్‌లో సబ్‌ఎడిటర్లు వార్తను కిందినుంచి కోస్తారు. నాలుగో పేరా పోయింది. పైన శీర్షిక మాత్రం ఘనంగా వచ్చింది: ‘నీళ్లతో నడిచే కారు’.

మూడో రోజు నానక్‌రామ్‌గూడ షేర్ ఆటో డ్రైవర్ సాయిలు పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. పాత ఆటో ఇచ్చేసి బ్యాటరీ ఆటో తీసుకోవడానికి షోరూములో పేరు రాయించాడట. నా వార్త చదివి ఆగిపోయాడు. ఆ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే బండి ఇంకొకరికి పోతుంది.

“నీళ్ల ఆటో ఎప్పుడొస్తది సార్? జర నిజం చెప్పున్రి. మా ఇంటామె నవ్వుతుంది. నల్లా నీళ్లు మనకే సాల్తలేవు, ఆటోకేడికెల్లి తాపిస్తవ్ అంటది.”

పద్మావతిగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

“అవి బయటికొచ్చే నీళ్లండి, లోపల పోసేవి కావు,” అన్నారామె. “లోపల నింపేది హైడ్రోజన్. కరెంటు ఖర్చుపెట్టి నీళ్లలోంచి దాన్ని విడదీయాలి, సిలిండర్లకెక్కించాలి. మీ ఆటోకైతే ఆ కరెంటేదో నేరుగా బ్యాటరీకి ఎక్కించడమే మేలండి.”

“అయితే ఆ కారు ఉత్తదేనా మేడమ్?”

కాదన్నారు. దూరం పోయే లారీలకు, బస్సులకు బ్యాటరీ బరువు, ఛార్జింగ్ సమయం అడ్డొస్తాయని, హైడ్రోజన్ అక్కడ పనికొస్తుందని చెప్పారు. తెల్లాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో పగలు మిగిలిన సోలార్ కరెంటుతో హైడ్రోజన్ తీసి, జనరేటర్‌కు బదులు దానితో లిఫ్టులు నడిపే ఏర్పాటు చేస్తున్నామన్నారు. ఇంటింటికీ రావాలంటే ఖర్చు ఇంకా బాగా దిగాలట.

సాయిలు లేచాడు. “గిదంతా పేపర్ల రాస్తే నేనీడిదాంక వచ్చేటోన్నా సార్?” అని షోరూముకు బయల్దేరాడు.

మా పత్రికలో సవరణ అంటే లోపలి పేజీలో రెండు లైన్లు. న్యూస్ ఎడిటర్‌ను ఒప్పించి, వార్త వచ్చిన పేజీలోనే, అదే చోట వేయించాను.

పోయిన నెల సాయిలు బ్యాటరీ ఆటోలోనే తెల్లాపూర్ వెళ్లాను. ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఉండగా కరెంటు పోయింది. దీపం ఒకసారి మినుకుమంది, లిఫ్టు కదిలింది. కింద జనరేటర్ చప్పుడు లేదు.

ఆ సవరణ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ కొత్త యంత్రం గురించి రాసినా అందులో నింపేదేమిటో, అది ఎక్కడినుంచి వస్తుందో రెండో వాక్యంలోనే రాశాను. డెస్క్ కత్తెర అంత పైకి రాదు.